దక్షిణ చైనాలో కొన్ని నెలల పని: గ్వాంగ్‌జౌలో ఉండాలా, షెన్‌జెన్‌లోనా, ఫ్యాక్టరీ పక్కనేనా?

కంపెనీ మూడు నెలలో ఆరు నెలలో చైనా వెళ్లి రమ్మంటే, మనవాళ్లలో చాలామంది చేరేది దక్షిణాన ఉన్న గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సుకే. హైదరాబాద్‌లో ఒలెక్ట్రా బస్సులకి టెక్నాలజీ ఇచ్చిన బీవైడీ ప్రధాన కార్యాలయం షెన్‌జెన్‌లో ఉంది. తిరుపతిలో డిస్‌ప్లే ప్యానెళ్ల ఫ్యాక్టరీ పెట్టిన టీసీఎల్ సొంత ఊరు హుయ్‌జౌ. ఫోన్లు, ఏసీలు, టైల్స్, ఫర్నిచర్, అలంకరణ లైట్లు, ఏ సరుకు పని మీద వెళ్లినా పెర్ల్ నది డెల్టాలోని ఏదో ఒక ఊరికే వెళ్తారు. ఐదేళ్ల పైగా ఆగిపోయిన డైరెక్ట్ విమానాలు కూడా 2025 అక్టోబర్ చివర్లో మళ్లీ మొదలయ్యాయి. ఇండిగో ముందు కోల్‌కతా నుంచి, నవంబర్‌లో ఢిల్లీ నుంచి గ్వాంగ్‌జౌకి విమానాలు వేసింది.

వెళ్లేవాళ్లందరూ అడిగే ప్రశ్న "గ్వాంగ్‌జౌ బాగుంటుందా, షెన్‌జెన్ బాగుంటుందా?" అని. నన్నడిగితే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు రెండు. సోమవారం నుంచి శనివారం దాకా ఎక్కడ పడుకుంటారు? ఆదివారం ఎక్కడికి వెళ్లగలరు? రెండింటికీ ఒకే ఊరు జవాబు కానక్కర్లేదు. ఇది ముందే తేల్చుకున్నవాళ్లు హాయిగా గడిపి వస్తారు. తేల్చుకోనివాళ్లకి మొదటి నెల దాటేసరికి తిండి, ఒంటరితనం రెండూ కలిసి మీద పడతాయి.

ఊరి కంటే ముందు తేలాల్సినవి

మొదటిది వీసా. ఆర్డర్లు మాట్లాడటానికి, ఎగ్జిబిషన్‌కి, ఫ్యాక్టరీ చూడటానికి, సరుకు తనిఖీకి వెళ్తే ఎమ్ వీసా సరిపోతుంది. అమ్మిన లేదా కొన్న యంత్రాల్ని బిగించడం, నడిపి చూపించడం, రిపేరు చేయడం, వాటి మీద ట్రైనింగ్ ఇవ్వడం లాంటి పనులు 90 రోజుల లోపైతే వాటికీ ఎమ్ వీసానే ఇస్తారు. 2015 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. 90 రోజులు దాటితేనో, చైనా కంపెనీలో ఉద్యోగిగా చేరితేనో వర్క్ పర్మిట్‌తో కూడిన జెడ్ వీసా కావాలి. దాని మీద దేశంలోకి వెళ్లిన 30 రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కి దరఖాస్తు చేయాలి. అప్పటి నుంచి అది చేతికొచ్చే దాకా మీ పాస్‌పోర్టు వాళ్ల ఆఫీసులోనే ఉంటుంది. వాళ్లిచ్చిన రసీదుతో దేశం లోపల రైలెక్కొచ్చు గానీ సరిహద్దు దాటలేరు. "ముందు ఎమ్ మీద రండి, తర్వాత చూసుకుందాం" అని అవతలివాళ్లు అంటే ఒప్పుకోకండి. పట్టుబడితే జరిమానా కట్టేదీ, దేశం వదిలి వెళ్లాల్సి వచ్చేదీ మీరే.

వీసా మీద ఎన్ని ఎంట్రీలు ఉన్నాయో కూడా చూసుకోండి. సింగిల్ ఎంట్రీతో వెళ్లి, ఒక ఆదివారం సరదాగా హాంకాంగ్ చూసొద్దామని సరిహద్దు దాటారంటే ఆ వీసా అక్కడితో సరి. హాంకాంగ్‌కి మనవాళ్లు వీసా లేకుండా 14 రోజులు వెళ్లొచ్చు కానీ, ముందుగా ఆన్‌లైన్‌లో ప్రీ అరైవల్ రిజిస్ట్రేషన్ చేసుకుని ఉండాలి.

రెండోది, పనిచేసే చోటు అసలు చిరునామా. లెటర్ మీద "షెన్‌జెన్" అని ఉంటుంది. ఫ్యాక్టరీ మాత్రం ఊరికి ఒక మూల పింగ్‌షాన్‌లోనో బావోఆన్‌లోనో ఉంటుంది, ఒక్కోసారి పక్క నగరం డాంగ్‌గ్వాన్‌లో ఉంటుంది. షెన్‌జెన్ తూర్పు నుంచి పడమరకి సాగదీసినట్టుండే ఊరు. ఈ చివర ఇల్లు, ఆ చివర పని అయితే రోజూ మూడు గంటలు మెట్రోలోనే గడిచిపోతాయి. చిరునామాని చైనీస్ లిపిలో తెప్పించుకుని గావ్‌డే మ్యాప్స్‌లో పెట్టి చూడండి. గూగుల్ మ్యాప్స్ అక్కడ తెరుచుకోదు, ఎలాగోలా తెరిచినా నమ్మదగ్గట్టు ఉండదు.

మూడోది తిండి, దీని గురించి కింద వివరంగా చెప్తాను. నాలుగోది ఇంటి షరతులు. అక్కడ అద్దె ఒప్పందాలు మామూలుగా ఏడాదికి రాస్తారు, రెండు నెలల అద్దె అడ్వాన్సు, ఒక నెల అద్దె ముందే అడుగుతారు. మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్సు పోయినట్టే. అందుకని ఆరు నెలల లోపు ఉండేవాళ్లకి అద్దె కాస్త ఎక్కువైనా సర్వీస్ అపార్ట్‌మెంటే నయం. హోటల్లో కాకుండా ఇంట్లో దిగితే 24 గంటల్లో పోలీసుల దగ్గర చిరునామా నమోదు చేయించుకోవాలి. ఇల్లు చూసేటప్పుడే యజమాని దానికి కాగితాలిస్తాడా అని అడగండి. ఇవ్వనంటే ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి.

నాలుగు చోట్లు, ఒక చూపులో

| | గ్వాంగ్‌జౌ | షెన్‌జెన్ | ఫ్యాక్టరీ టౌన్లు (డాంగ్‌గ్వాన్, ఫోషాన్, జోంగ్‌షాన్) | జుహాయ్ |
|---|---|---|---|---|
| అద్దె | మధ్యస్థం | అన్నిటికంటే ఎక్కువ | తక్కువ, చాలాసార్లు కంపెనీ డార్మిటరీ | షెన్‌జెన్ కంటే బాగా తక్కువ |
| మన భోజనం | బాగా దొరుకుతుంది | దొరుకుతుంది, చెదురుమదురుగా | దాదాపు లేదు | చాలా తక్కువ |
| ఇంగ్లీషు | మార్కెట్లలో, హోటళ్లలో నడుస్తుంది | టెక్ ఆఫీసుల్లో నడుస్తుంది | ట్రాన్స్‌లేషన్ యాప్ లేనిదే కుదరదు | తక్కువ |
| ఏ పనికి | సోర్సింగ్, ఎగ్జిబిషన్లు | ఎలక్ట్రానిక్స్, డిజైన్, ఈవీ | ఉత్పత్తి, క్వాలిటీ, యంత్రాలు | గృహోపకరణాలు, ప్రశాంతత కోరేవాళ్లు |
| ఆదివారం | మనవాళ్లు కనిపిస్తారు | పార్కులు, సముద్రం, హాంకాంగ్ | రైలెక్కి బయటికి పోవాలి | సముద్రపు ఒడ్డు, మకావ్ |

గ్వాంగ్‌జౌ: సరుకు కొనేవాళ్లకి, శాకాహారులకి

గ్వాంగ్‌జౌ శతాబ్దాలుగా విదేశీ వర్తకులకి అలవాటైన ఊరు. 1957లో మొదలైన కాంటన్ ఫెయిర్ అనే పెద్ద వాణిజ్య ప్రదర్శన ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి, పాజౌ ప్రాంతంలో మూడు విడతలుగా జరుగుతుంది. తోళ్లు, బట్టలు, వాచీలు, కాస్మెటిక్స్, ఇలా ఒక్కో సరుకుకి ఒక్కో హోల్‌సేల్ మార్కెట్ ఉంది. బేగంబజార్‌లో వ్యాపారం చేసినవాళ్లకి ఇక్కడి బేరం తీరు పట్టుబడటానికి ఎక్కువ రోజులు పట్టదు.

మనకి ఈ ఊరితో అసలు లాభం రెండు విషయాల్లో. భారత కాన్సులేట్ జనరల్ ఇక్కడే ఉంది. పాస్‌పోర్టు పోయినా, ఏదైనా పెద్ద ఇబ్బంది వచ్చినా ఊరు దాటి పోనక్కర్లేదు. రెండోది, షియావ్‌బే, తావ్‌జిన్ చుట్టుపక్కల ఆఫ్రికా, అరబ్, దక్షిణాసియా వర్తకులు ఏళ్ల తరబడి మసలుతున్నారు కాబట్టి అక్కడ భారతీయ రెస్టారెంట్లు, పప్పులు, మసాలాలు అమ్మే దుకాణాలు ఉన్నాయి. వండినవాళ్లు ఎక్కువగా ఉత్తరాదివాళ్లే, అయినా పప్పన్నం దొరకడం మామూలు విషయం కాదని రెండో నెలలో మీకే తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. కాంటన్ ఫెయిర్ రోజుల్లో హోటల్ ధరలు బాగా పెరిగిపోతాయి. మీరు వెళ్లే తేదీలు ఏప్రిల్, మే మొదటి వారంతోనో అక్టోబర్, నవంబర్ మొదటి వారంతోనో కలిస్తే గది చాలా ముందుగా తీసుకోండి. పాత పేటల్లో పెద్దవాళ్లు స్థానిక భాష కాంటోనీస్‌లోనే మాట్లాడుకుంటారు గానీ, మీరు చైనా అధికార భాష మాండరిన్‌లో నాలుగు ముక్కలు అంటే అందరికీ అర్థమవుతుంది.

షెన్‌జెన్: ఎలక్ట్రానిక్స్ వాళ్లకి వేరే ఊరు లేదు

1980లో ప్రత్యేక ఆర్థిక మండలి అయ్యాక పెరిగిన నగరం ఇది. జనాభాలో అత్యధికులు వేరే ప్రావిన్సుల నుంచి వచ్చినవాళ్లే కాబట్టి ఊరంతా మాండరిన్ నడుస్తుంది, కొత్తవాళ్లని వింతగా చూడరు. హార్డ్‌వేర్ మీద పనిచేసేవాళ్లకి హువాచియాంగ్‌బే మార్కెట్ ఒక్కటే ఈ ఊరు ఎంచుకోవడానికి చాలిన కారణం. ఉదయం కావాల్సిన కనెక్టరో సెన్సారో మధ్యాహ్నానికి చేతిలో ఉంటుంది. సర్క్యూట్ బోర్డు నమూనా మన దగ్గర తెప్పించుకునే వ్యవధిలో ఇక్కడ రెండు మూడు సార్లు మార్చి చూసుకోవచ్చు. ప్రాడక్ట్ డెవలప్‌మెంట్‌కి వచ్చినవాళ్లకి ఆ వేగమే అసలు లాభం. అద్దె ఎక్కువని డాంగ్‌గ్వాన్‌లో దిగి దాన్ని వదులుకోవద్దు.

పేటలు ఎంచుకునేటప్పుడు: నాన్‌షాన్‌లో టెన్సెంట్, డీజేఐ లాంటి కంపెనీలున్నాయి, అద్దెలూ అందుకు తగ్గట్టే ఉంటాయి. షెకౌలో విదేశీయులు ఎక్కువ, సముద్రం పక్కన, కుటుంబంతో వచ్చేవాళ్లకి నచ్చుతుంది. హువావే ఉన్న బాన్‌టియాన్, లాంగ్‌గాంగ్ వైపు కాస్త చవక. మరీ చవకగా కావాలంటే నగరం మధ్యలోనే పాత పల్లెల్లో, కిటికీ తెరిస్తే ఎదుటి భవనం చేతికందేంత ఇరుకు సందుల్లో గదులు దొరుకుతాయి. కింద రాత్రి పొద్దుపోయే దాకా టిఫిన్ కొట్లు, కూరగాయల అంగళ్లు ఉంటాయి. కుర్రాళ్లకి బాగానే ఉంటుంది గానీ, వెలుతురు, గాలి తక్కువ. ఆ ఉక్కలో నెలల తరబడి ఉండలేనివాళ్లు వెళ్లొద్దు.

ఆరోగ్యం విషయంలో షెన్‌జెన్‌కి ఒక మంచి పాయింటుంది. హాంకాంగ్ విశ్వవిద్యాలయం నడిపే హెచ్‌కేయూ షెన్‌జెన్ ఆసుపత్రి ఫుటియెన్‌లో ఉంది, అక్కడ ఇంగ్లీషులో మాట్లాడే డాక్టర్లు దొరుకుతారు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

హాంకాంగ్‌లోనే ఉండి రోజూ షెన్‌జెన్ వెళ్లొస్తే పోలేదా అని కొందరు అడుగుతారు. ఫుటియెన్ నుంచి వెస్ట్ కౌలూన్‌కి హైస్పీడ్ రైలు పావుగంటే, నిజమే. కానీ హాంకాంగ్ అద్దెలు వేరే లెక్క, రోజూ ఇమిగ్రేషన్ లైను, దానికి మల్టిపుల్ ఎంట్రీ వీసా, పైగా హాంకాంగ్‌లో మీకిచ్చేది సందర్శకుడి గడువు మాత్రమే. దాన్ని నివాసంగా వాడుకుందామని చూస్తే ఎప్పుడో ఒకరోజు సరిహద్దు దగ్గర ఆపి ప్రశ్నలు వేస్తారు. ఆ ఆలోచన వదిలేయండి. ఎంట్రీలు ఉంటే నెలకోసారి వెళ్లి, దక్షిణాసియా దుకాణాలున్న చుంకింగ్ మాన్షన్స్ భవనంలో పప్పులు, మసాలాలు తెచ్చుకోండి, అది చాలు.

ఫ్యాక్టరీ టౌన్లు: పని తేలిక, సాయంత్రాలు బరువు

ఎక్కువమంది తెలుగు ఇంజినీర్లకి రాసిపెట్టి ఉండేది ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. డాంగ్‌గ్వాన్‌లో చాంగ్‌ఆన్ ఒప్పో, వివోల ఊరు. సాంగ్‌షాన్ సరస్సు పక్కన హువావే పెద్ద క్యాంపస్ ఉంది. ఫోషాన్‌లో టైల్స్, లెకాంగ్ ఫర్నిచర్ మార్కెట్లు, షున్‌డేలో గృహోపకరణాల కంపెనీ మిడియా. జోంగ్‌షాన్‌లోని గూజెన్ మొత్తం లైట్ల ఊరే.

ఇక్కడ ఉండటం వల్ల లాభం నేరుగా పనిలో కనిపిస్తుంది. లైన్ మీద ఏదైనా తేడా వస్తే పది నిమిషాల్లో అక్కడ ఉంటారు. సూపర్‌వైజర్లతో కలిసి భోంచేస్తారు, ఆ పరిచయం ఏ మెయిల్ వల్లా రాదు. పన్నెండు కొట్టగానే అందరూ క్యాంటీన్‌కి వెళ్తారు, తిన్నాక లైట్లు తీసేసి కుర్చీల్లోనో మడత మంచాల మీదో కునుకు తీస్తారు. ఆ సమయంలో వెళ్లి పని అడగకండి, చాలా నొచ్చుకుంటారు. మన టైముకి వాళ్లది రెండున్నర గంటలు ముందు. హైదరాబాద్ ఆఫీసులో ఉదయం పదింటికి మీటింగ్ పెడితే అక్కడ పన్నెండున్నర, అంటే సరిగ్గా కునుకు వేళ. ఇది హైదరాబాద్ ఆఫీసువాళ్లకి ముందే చెప్పి మార్పించండి.

ఇక కష్టం సాయంత్రాలతో. ఆరున్నరకల్లా వాళ్ల రాత్రి భోజనం అయిపోతుంది. ఆ తర్వాత మీరు, డార్మిటరీ గది, ఫోను. మాట్లాడటానికి తెలుగువాళ్లు ఉండరు, ఇంగ్లీషు వచ్చినవాళ్లూ అరుదు. ఒంటరిగా వచ్చిన కుర్రాళ్లు ఇక్కడే బాగా డీలా పడతారు. నా సలహా ఏమిటంటే, డార్మిటరీ ఉచితమని ఊరికే ఒప్పుకోకండి. ఫోషాన్ అయితే గ్వాంగ్‌ఫో మెట్రో లైను పక్కన గది అడగండి, ఆ లైను 2010 నుంచి ఫోషాన్‌ని నేరుగా గ్వాంగ్‌జౌతో కలుపుతోంది. డాంగ్‌గ్వాన్ అయితే రైల్వే స్టేషన్‌కి దగ్గరగా చూడండి. జోంగ్‌షాన్ అయితే 2024 జూన్ చివర తెరిచిన షెన్‌జెన్-జోంగ్‌షాన్ లింక్ (సముద్రం మీద వంతెన, కింద సొరంగం ఉన్న రోడ్డు) వల్ల అవతలి ఒడ్డు బాగా దగ్గరైంది. శనివారం సాయంత్రం బయలుదేరి ఆదివారం రాత్రికి తిరిగొచ్చే దారి ఉంటే ఈ ఊళ్లలో ఆరు నెలలు ఉండొచ్చు. అది లేకపోతే మూడు నెలలకి మించి ఒప్పుకోవద్దంటాను.

జుహాయ్

గ్రీ ఏసీల ఊరు. శుభ్రంగా ఉంటుంది, పొడవాటి సముద్ర తీరం, తక్కువ రద్దీ. గాంగ్‌బే సరిహద్దు దాటితే మకావ్. 2018లో తెరిచిన 55 కిలోమీటర్ల వంతెన మీద బస్సులో హాంకాంగ్ వెళ్లొచ్చు. భార్యాపిల్లలతో వచ్చి, పని కూడా ఇక్కడే ఉన్నవాళ్లకి అన్నిటికంటే ఇదే నా ఓటు. పని వేరే ఊళ్లో ఉండి, అందంగా ఉందని ఇక్కడ దిగితే మాత్రం ప్రయాణాలతోనే సరిపోతుంది.

తిండి సంగతి

మాంసం తినేవాళ్లకి ఇబ్బంది రుచిలోనే. కాంటోనీస్ వంట కారం లేకుండా, చప్పగా, తేలిగ్గా ఉంటుంది. హునాన్ వంటల హోటళ్లు షెన్‌జెన్ నిండా ఉన్నాయి, ఎండుమిరపకాయలు, పచ్చిమిరపకాయలు గుప్పిళ్లతో వేస్తారు. మన నాలుకకి అక్కడ ప్రాణం లేచొస్తుంది.

శాకాహారులకి అసలు సమస్య కనపడని మాంసం. కూరగాయల వేపుడులో పంది కొవ్వు, సాస్‌లో ఆల్చిప్పలు, చారులో కోడి రసం, పైన ఎండు రొయ్యల పొడి. ఏమేం తినరో ఒక్కొక్కటీ పేర్లతో చైనీస్‌లో రాయించి ఫోన్‌లో పెట్టుకోండి. "వెజిటేరియన్" అని ఒక్క మాట చూపిస్తే మాంసం ముక్కలు తీసేసి అదే పులుసు పోస్తారు. బౌద్ధ శాకాహార భోజనశాలలు గ్వాంగ్‌జౌ, షెన్‌జెన్ రెండింటిలో ఉన్నాయి, వాటిలో ధైర్యంగా తినొచ్చు.

వండుకునేవాళ్లకి మాత్రం ఈ ప్రాంతం మంచిది. ఉష్ణమండలపు ఊళ్లు కాబట్టి మార్కెట్లో వంకాయ, కాకరకాయ, సొరకాయ, బీరకాయలాంటి కాయ, తోటకూర, తూటికూర, చామదుంప, అన్నీ మనవే. పెసలు దొరుకుతాయి, కందిపప్పు భారతీయ దుకాణాల్లోనే. పెరుగు చాలావరకు తియ్యటిది, చక్కెర లేనిది వెతికి కొనాలి. ఇండక్షన్ స్టవ్ మీద పనిచేసే చిన్న కుక్కర్ తీసుకెళ్లండి. కరెంటు దాదాపు మనలాగే, 220 వోల్టులు, కానీ ప్లగ్గు వేరు, అడాప్టర్ కావాలి. తాజా కూరగాయలు, పళ్లు, విత్తనాలు, పాల పదార్థాలు కస్టమ్స్‌లో ఆపేస్తారు. కరివేపాకు రెమ్మ, నెయ్యి డబ్బా బ్యాగులో పెట్టకండి. పొడులు, సీల్ చేసిన పచ్చళ్లు చాలు.

ఎవరికి ఏది

సరుకు కొనడానికి వచ్చి ఊరూరా తిరిగేవాళ్లు గ్వాంగ్‌జౌ తీసుకోండి. గ్వాంగ్‌జౌ సౌత్ స్టేషన్ నుంచి షెన్‌జెన్ నార్త్‌కి హైస్పీడ్ రైలులో అరగంట పైచిలుకే, జుహాయ్, జోంగ్‌షాన్ వైపు కూడా రైళ్లు ఉన్నాయి. కఠినమైన శాకాహారులు, వయసు పైబడినవాళ్లు కూడా ఇక్కడే ఉండటం మంచిది. ఎలక్ట్రానిక్స్, స్టార్టప్, ఈవీ వాళ్లకి షెన్‌జెన్. యంత్రం బిగించి రావాల్సినవాళ్లు ఫ్యాక్టరీ పక్కనే ఉండండి, కానీ ఆదివారం కోసం గ్వాంగ్‌జౌ దారి చూసుకోండి. రాత్రి షిఫ్టులున్న పని అయితే ఇంకో ఆలోచనే వద్దు, నడిచి వెళ్లే దూరంలో ఉండాలి.

ఒంటరిగా వెళ్లే అమ్మాయిలు భద్రత గురించి అడుగుతారు. ఈ నగరాల్లో రాత్రి పదకొండింటికి మెట్రోలో వెళ్లినా భయం ఉండదు. అయినా మారుమూల డార్మిటరీ కంటే మెట్రో పక్కన సర్వీస్ అపార్ట్‌మెంట్ ఇమ్మని కంపెనీని గట్టిగా అడగండి, ఇస్తారు.

ల్యాప్‌టాప్ పట్టుకుని ఏ దేశం నుంచైనా పనిచేద్దామనుకునేవాళ్లకి నేను దక్షిణ చైనా సిఫార్సు చేయను. టూరిస్టు వీసా మీద అలా చేయడం నిబంధనలకి విరుద్ధం. గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ అక్కడి నెట్‌లో రావు. పని మీద వెళ్లేవాళ్లు మన సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగో, హాంకాంగ్ కంపెనీ సిమ్మో వాడితే అవి పనిచేస్తాయి. ఇంట్లోవాళ్లకి మాత్రం వెళ్లకముందే వాట్సాప్ లాంటి చైనా యాప్ వీచాట్ పెట్టించండి. మన బ్యాంకు ఓటీపీలు రావాలంటే ఇండియా సిమ్ బతికి ఉండాలి. ఫోన్‌తో డబ్బు కట్టే అలీపే యాప్‌కి మీ వీసా కార్డు లేదా మాస్టర్‌కార్డ్ ఇక్కడే లింక్ చేసి వెళ్లండి, అక్కడ నగదు ఇస్తే చిల్లర కోసం తడుముకుంటారు.

ఏ నెలల్లో వెళ్లాలి

ఊరు మీ చేతిలో లేకపోయినా తేదీల గురించి ఒక మాట అనగలరు. మార్చి, ఏప్రిల్‌లో గాలిలో తేమ ఎంత ఉంటుందంటే గోడలు, నేల చెమర్చి నీళ్లు కారతాయి, బట్టలు ఆరవు. మే, జూన్ భారీ వర్షాలు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా విశాఖ వేసవి లాంటి ఉక్క, దాంతోపాటు తుఫాన్లు. రెడ్ హెచ్చరిక వస్తే ఊరంతా మూసేస్తారు, రెండు రోజులకి సరిపడా తిండి, నీళ్లు ముందే తెచ్చుకోండి. అక్టోబర్ మధ్య నుంచి డిసెంబర్ దాకా వాతావరణం ఎంతో బాగుంటుంది. జనవరిలో చలి పది డిగ్రీల దాకా దిగుతుంది, ఇళ్లలో హీటర్లు ఉండవు, ఒక మంచి స్వెటర్ ఉండాలి.

వాతావరణం కంటే ముఖ్యమైనది చైనా కొత్త సంవత్సరం. 2026లో ఫిబ్రవరి 17న వచ్చింది, 2027లో ఫిబ్రవరి 6న వస్తుంది. దానికి వారం పది రోజుల ముందు నుంచే కార్మికులు సొంతూళ్లకి వెళ్లిపోతారు, తర్వాత కూడా లైన్లు పూర్తిగా కదలడానికి రెండు మూడు వారాలు పడుతుంది. రైలు టికెట్లు దొరకవు, చిన్న హోటళ్లు మూసేస్తారు. మూడు నెలల పని జనవరిలో మొదలుపెడితే చేతికి దక్కేది రెండు నెలలే. మేనేజర్‌కి ఈ తేదీ చూపించి, అయితే అక్టోబర్‌లో వెళ్లి పండగ ముందే తిరిగొచ్చేలా, లేదంటే పండగ అయ్యాక మార్చిలో వెళ్లేలా మాట్లాడుకోండి. అక్టోబర్‌లో వెళ్లేటట్టయితే మొదటి వారం జాతీయ సెలవులు, 8వ తేదీ తర్వాత దిగండి.